పిల్లలకు చెప్పకపోతే తెలియదా?

గోడలకు చెవులుంటాయంటారు. గోడల సంగతి నాకు తెలియదు గానీ, కరోనా రోజుల్లో ఇంట్లోనే ఉండిపోయిన మన పిల్లలకు మాత్రం చెవులు బాగా పదునెక్కాయి. పక్కగదిలో మనం ఫోన్‌లో మాట్లాడే మాట, టీవీలో కింద పరుగెత్తే అక్షరాలు, డాబా మీద బట్టలారేస్తూ పక్కింటావిడతో చెప్పుకునే కబుర్లు, అన్నీ వాళ్ళకు చేరుతున్నాయి. వాళ్ళను దగ్గర కూర్చోబెట్టుకుని, వాళ్ళ కోసమే చెప్పే మాట ఒక్కటే చేరడం లేదు.

2021లో ఏ ఇంట్లో విన్నా ఒకటే కబురు. "మూడో వేవ్ వస్తుందట, ఈసారి పిల్లలకేనట." కూరగాయల బండి దగ్గరా అదే, చుట్టాల వాట్సాప్ గ్రూపులోనూ అదే. మా పాపకు అప్పుడు తొమ్మిదేళ్ళు. ఒకరోజు నా చేత జడ వేయించుకుంటూ, తల తిప్పకుండానే అడిగింది. "అమ్మా, మొదటిది తాతయ్యవాళ్ళకి, రెండోది నాన్నవాళ్ళకి వచ్చింది కదా. మూడోది మాకేనా?" రేషన్ షాపు దగ్గర వరసలో నిలబడి తన వంతు ఎప్పుడొస్తుందా అని చూసినట్టు అడిగింది. ఈ వరస దానికి ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. మన మాటల్లోంచి తనే ఏరుకుని పేర్చుకుంది.

ముందు ఈ మూడో వేవ్ సంగతి చూద్దాం. పిల్లల డాక్టర్ల సంఘం, అంటే ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, 2021 మే 22నే చెప్పింది, మూడో వేవ్ ముఖ్యంగా పిల్లలకే వస్తుందనుకోవడానికి ఆధారం లేదని. జూన్ 8న అప్పటి ఎయిమ్స్ డైరెక్టర్ గులేరియా గారు కూడా అదే మాటన్నారు. 2020 డిసెంబరు, 2021 జనవరి నెలల్లో ఐసీఎంఆర్ వాళ్ళు దేశమంతా రక్తపరీక్షలు చేస్తే 10 నుంచి 17 ఏళ్ళ పిల్లల్లో 25 శాతం మందికి అప్పటికే కరోనా వచ్చి పోయినట్టు తేలింది. అంటే నలుగురిలో ఒకరికి. వాళ్ళలో చాలామందికి వచ్చినట్టు కూడా ఇంట్లో తెలియలేదు. పిల్లలకు రాదని కాదు, వాళ్ళలో ఎక్కువమందికి తేలిగ్గా పోయిందని దాని అర్థం. జాగ్రత్త మాత్రం వదలకూడదు.

మన రాష్ట్రంలో ఐదేళ్ళలోపు పిల్లలున్న తల్లులకు ముందుగా టీకా వేస్తామన్నారు. మంచి పనే. అప్పటికి పిల్లలకింకా టీకా రాలేదు కాబట్టి పెద్దవాళ్ళం వేయించుకుంటే వాళ్ళ చుట్టూ కంచె కట్టినట్టయ్యేది. కానీ మనవాళ్ళు దాన్ని కూడా "చూశారా, పిల్లలకొస్తుందని గవర్నమెంటుకు ముందే తెలుసు" అని చెప్పుకున్నారు. పెద్దవాళ్ళం మనమే ఇలా అల్లుకుంటే, తొమ్మిదేళ్ళ పిల్ల ఎంత అల్లుకుంటుంది?

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. జబ్బుల రోజుల్లో పిల్లల్ని ఎక్కువ బాధపెట్టేది నిజం కాదు, సగం సగం వినిపించే మాటలూ, మనం దాచే సంగతులూ. "చిన్నపిల్లలు, వాళ్ళకేం తెలుస్తుంది" అనుకుంటాం. వాళ్ళకు ఏదో జరుగుతోందని తెలుస్తుంది. ఏం జరుగుతోందో తెలియదు. ఆ ఖాళీని వాళ్ళే నింపుకుంటారు, అసలు సంగతి కంటే భయంకరమైన వాటితో.

పిల్లల దిగులు మన దిగులులా ఉండదు. "నాకు ఆందోళనగా ఉంది" అని ఏ పిల్లాడూ అనడు. పొద్దున్నే కడుపునొప్పి అంటాడు. పక్క తడపడం మానేసి రెండేళ్ళయిన పిల్ల మళ్ళీ తడుపుతుంది. వంటింట్లోకి వెళ్తే వంటింట్లోకి, పెరట్లోకి వెళ్తే పెరట్లోకి కొంగు పట్టుకుని తిరుగుతారు. కొందరు చేతులు కడిగిందే కడుగుతుంటారు. కాస్త పెద్దపిల్లలైతే రాత్రి రెండింటి దాకా ఫోన్, మధ్యాహ్నం దాకా నిద్ర, పలకరిస్తే విసుగు. మనం దాన్ని మొండితనం అంటాం, బద్ధకం అంటాం, ఫోన్ పిచ్చి అంటాం. నిజంగా అవి కూడా అయ్యుండొచ్చు. కానీ ఈ మార్పు ఎప్పటి నుంచి మొదలైందో ఒక్కసారి వెనక్కి లెక్కవేసి చూడండి. చాలా ఇళ్ళలో ఇంట్లోనో వీధిలోనో ఎవరికో జబ్బు చేసిన రోజుల దగ్గరికి వెళ్ళి ఆగుతుంది ఆ లెక్క.

ఆ ఏడాది ఏప్రిల్ చివర్లో మావారికి పాజిటివ్ వచ్చింది. పై గదిలో పద్నాలుగు రోజులున్నారు. వచ్చిన రోజే పిల్లలిద్దరినీ కూర్చోబెట్టి చెప్పాం. నాన్నకు కరోనా వచ్చింది, ఇప్పటికి జ్వరం, దగ్గు మాత్రమే ఉన్నాయి, డాక్టరుతో ఫోన్‌లో మాట్లాడాం, ఆక్సిజన్ 94 కంటే తగ్గితే ఆసుపత్రికి తీసుకెళ్తాం, అందుకే రోజుకు నాలుగుసార్లు వేలికి పెట్టి చూస్తాం, అని. "తగ్గిపోతుందా?" అని పాప అడిగింది. "చాలామందికి తగ్గుతోంది. నాన్నకూ తగ్గుతుందని అనుకుంటున్నాం. ఏం మారినా నీకు చెప్తాం" అన్నారు మావారు తలుపు అవతల నుంచి. "ఏమీ కాదు, ఒట్టు" అని మేమిద్దరం అనలేదు. మన చేతిలో లేనిదానికి పిల్లల మీద ఒట్టు ఎలా పెడతాం?

తర్వాత ఇద్దరికీ పనులు చెప్పాం. అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం. వాళ్ళ నాన్న ఫోన్‌లో చెప్పే అంకెల్ని క్యాలెండర్ మీద రాయడం, మందుల షాపుకు వెళ్ళి రావడం వాడి పని. పాప పని, మెట్ల పైన స్టూలు మీద మంచినీళ్ళ సీసా పెట్టి, తలుపు కొట్టి, నాలుగు మెట్లు దిగి నిలబడడం. నాన్న తలుపు తీసి చెయ్యి ఊపి సీసా తీసుకునేవారు. రోజుకు అయిదారుసార్లు. నాన్న బాగున్నాడని ఎవరో చెప్తే నమ్మాల్సిన అవసరం దానికి రాలేదు, తన కళ్ళతో తనే చూసింది. పిల్లలకు భయం పోవడానికి మనం చెప్పే ధైర్యం కంటే చేతిలో ఉన్న చిన్న పని ఎక్కువ పనిచేస్తుందని నాకు ఆ పద్నాలుగు రోజుల్లో గట్టిగా తెలిసింది.

మా అత్తయ్యగారికి అప్పటికి 72 ఏళ్ళు. ఇది చూసి ఆవిడ చిన్నప్పటి సంగతి చెప్పారు. వాళ్ళ ఊళ్ళో మశూచి వచ్చేది. "అమ్మవారు పోసింది" అనేవాళ్ళు. తమ్ముడికి పోసినప్పుడు గుమ్మానికి వేపమండలు కట్టడం, ఎండిపోతే మార్చడం ఆవిడ పనట. ఆ వేపమండలు చూసి వీధిలో అందరికీ తెలిసేది ఆ ఇంట్లో జబ్బుందని. పిల్లలక్కూడా తెలిసేది. మశూచి మన దేశంలో చివరిసారి కనిపించింది 1975లో, టీకా వల్లే పోయింది. ఆనాటి వైద్యం మంచిదని నేననను. కానీ ఇంట్లో జబ్బుందని పిల్లలకు చెప్పకుండా దాచాలన్న ఆలోచన వాళ్ళకు లేదు. దాచడానికి అన్ని గదులూ లేవు లెండి.

ఇక చెప్పడం కష్టమైన సంగతి. చావు.

మా వీధిలో ఒక వదిన వాళ్ళమ్మగారు మే నెలలో ఆసుపత్రిలో పోయారు. వదినకు ఎనిమిదేళ్ళ బాబు. అమ్మమ్మ దగ్గరే పెరిగాడు. వాడికి చెప్పొద్దని పెద్దలంతా అన్నారు. "అమ్మమ్మ ఊరెళ్ళింది" అని చెప్పారు. కర్మలు అక్కడెక్కడో ఇద్దరు మనుషులతో కానిచ్చారు. పన్నెండు రోజులు గడిచాక, ఆన్‌లైన్ క్లాసు కోసం ఫోన్ తీసుకున్న బాబుకు చుట్టాలావిడ పెట్టిన వాట్సాప్ స్టేటస్ కనిపించింది. అమ్మమ్మ ఫొటో, దానికి దండ, కింద శ్రద్ధాంజలి. వాడు ఏడవలేదట. ఫోన్ బోర్లా పెట్టి, వచ్చి అన్నం తిన్నాడట.

ఆ తర్వాత వారానికి వదినకు మామూలు జ్వరం వచ్చింది. ఆ బాబు స్నానానికి కూడా ఆవిడను వదిలి వెళ్ళలేదు. బాత్రూము తలుపు బయట కూర్చుని, "అమ్మా, నువ్వు కూడా ఊరెళ్తావా?" అని అడిగాడట. మొన్న వాళ్ళ నాన్న పనిమీద నిజంగానే పక్క ఊరికి బయల్దేరితే చెప్పులు దాచేశాడు. ఇప్పుడు ఆ ఇంట్లో ఊరు అనే మాట ఎవరూ ఎత్తడం లేదు. వాణ్ణి బాధపెట్టకూడదనే అలా చెప్పారు. ప్రేమతోనే చెప్పారు. నేను వాళ్ళనేమీ అనను. కానీ పిల్లాడి మీద రెండు బరువులు పడ్డాయి. ఒకటి అమ్మమ్మ లేకపోవడం. రెండోది, ఇంట్లోవాళ్ళ మాట నమ్మొచ్చో లేదో తెలియకపోవడం. మొదటిది మనం ఆపలేం. రెండోది ఆపగలిగిందే.

"చిన్నపిల్లలకు చావు కబురు చెప్తారా, ఎక్కడైనా ఉందా?" అని అడుగుతారు పెద్దవాళ్ళు. నాకు ఆ మాట మీద గౌరవం ఉంది, కానీ ఒప్పుకోను. మన ఇళ్ళలో మునుపు చెప్పాల్సిన అవసరమే ఉండేది కాదు. తాతగారు పోతే మనవలు చూసేవాళ్ళు. ఇంటి ముందు జనం, తలదగ్గర దీపం, అందరి ఏడుపులు, "వచ్చి తాతయ్యకు దణ్ణం పెట్టుకోమ్మా" అని ఎవరో చెయ్యిపట్టి తీసుకెళ్ళడం. తర్వాత చిన్నదినం, పెద్దదినం, గోడ మీదికి ఫొటో ఎక్కడం. పదకొండు రోజులపాటు ఆ తంతు అంతా పిల్లలకు అదే మాట మెల్లమెల్లగా చెప్పేది, తాతయ్య ఇక రారు, మనమంతా ఉన్నాం, అని. ఎవరూ నోరు తెరిచి చెప్పకపోయినా వాళ్ళకు అర్థమయ్యేది.

కరోనా అదంతా లాక్కుపోయింది. మనిషి అంబులెన్సులో వెళ్ళేవాడు, తిరిగి ఇంటికి వచ్చేవాడు కాదు. చూపు ఉండేది కాదు, జనం ఉండేవారు కాదు, దినాలు ఉండేవి కాదు. పిల్లల వైపు నుంచి చూస్తే నిన్న ఉన్న మనిషి ఇవాళ లేడు, అంతే. అందుకే నోటితో చెప్పక తప్పలేదు. మునుపు తంతు చేసిన పని అప్పుడు మాట చెయ్యాల్సి వచ్చింది.

ఎలా చెప్పాలి? నాకు తోచింది చెప్తాను. పిల్లలకు బాగా దగ్గరైనవాళ్ళు చెప్పాలి. చిన్న మాటల్లో చెప్పాలి. "అమ్మమ్మకు జబ్బు చాలా ఎక్కువైంది. డాక్టర్లు ప్రయత్నం చేశారు. అయినా అమ్మమ్మ చనిపోయింది. ఇక తిరిగి రాదు. నాకు చాలా ఏడుపొస్తోంది. నీకూ వస్తే ఏడవొచ్చు." ఊరెళ్ళింది, నిద్రపోయింది వంటి మాటలు వద్దు, పిల్లలు ఊరికీ నిద్రకూ భయపడతారు. దేవుడి దగ్గర ఉందని మన నమ్మకం కొద్దీ చెప్పుకోవచ్చు, కానీ చనిపోయిందన్న మాట చెప్పాకే. తన వల్లే జరిగిందనుకుంటున్నారేమో కనుక్కోండి. "నేను బయట ఆడుకుని వచ్చి అమ్మమ్మను ముట్టుకున్నాను" అని లోపల కుమిలే పిల్లలున్నారు. నీ తప్పు కాదని ఒకసారి చెప్తే చాలదు, మళ్ళీ మళ్ళీ చెప్పాలి. తర్వాత ఒక ఫొటో, ఒక దీపం, ఆవిడకిష్టమైన పులిహోరో పాయసమో చేసి నలుగురూ కూర్చుని ఆవిడ గురించి మాట్లాడుకోవడం. ఆలస్యమైనా పర్వాలేదు. నెల తర్వాతైనా చెయ్యొచ్చు.

పెద్దపిల్లల బాధ వేరు. మా అబ్బాయికి 2021 మే 5 నుంచి ఇంటర్ పరీక్షలు జరగాల్సింది. మూడు రోజుల ముందు వాయిదా వేశారు. అక్కణ్ణుంచి ఉంటాయా ఉండవా అని రోజూ వార్తలు. ఉంటాయని ఒక రోజు, కోర్టులో ఉందని ఒక రోజు. అదే పుస్తకం ఎన్నిసార్లు తిప్పాడో లెక్కలేదు. చివరకు జూన్ 24న రద్దు చేశారు. ఎగిరి గంతేస్తాడనుకున్నాం. గదిలోకి వెళ్ళి దుప్పటి ముసుగేసుకుని పడుకున్నాడు. ఫోన్ చేసిన ప్రతివాళ్ళూ "ఇంకేం, హాయి కదా, కష్టపడకుండా పాసైపోయాడు" అన్నారు. నాకైతే ఆ మాట వాడి చెవిన పడకుండా ఫోన్ పట్టుకుని పెరట్లోకి పరుగెత్తాలనిపించింది. రెండేళ్ళు చదివి, రాసి చూపించుకునే అవకాశం లేకుండా పోయింది వాడికి. స్నేహితులతో ఆఖరి రోజు కూడా లేదు. పోయిన మనుషుల ముందు ఇది చిన్నదే. కానీ పదిహేడేళ్ళ పిల్లాడికి అది చిన్నది కాదు. "ఇంతమంది చచ్చిపోతుంటే నీ పరీక్షల గోలేంటి" అని అనకండి. ఆ మాటతో వాడు దిగులుపడడం మానడు, మనకు చెప్పడం మానేస్తాడు.

ఇక అందరం వినే సలహా ఒకటుంది, "తల్లి ధైర్యంగా, నవ్వుతూ ఉంటే పిల్లలు ధైర్యంగా ఉంటారు" అని. ఈ మాట నాకు నచ్చదు. ఇంట్లో జబ్బు మనిషికి కషాయం కాచి, అందరికీ మూడు పూటలా వండి, అంట్లు తోమి, ఆన్‌లైన్ క్లాసులకు ఫోన్ ఛార్జింగ్ చూసి, అత్తగారి బీపీ మాత్ర గుర్తుపెట్టుకున్న ఆడది పైగా నవ్వుతూ కూడా ఉండాలట. పిల్లలకు మన బూటకపు నవ్వు ఇట్టే తెలిసిపోతుంది. "నాకూ భయంగానే ఉంది. కానీ ఏం చెయ్యాలో మనకు తెలుసు, చేస్తున్నాం" అంటే చాలు. భయపడుతూనే పని చెయ్యొచ్చని పిల్లలు అలా నేర్చుకుంటారు. ఇంకో మాట, ఈ ధైర్యం చెప్పే పని తల్లి ఒక్కదానిదే కాదు. ఇంట్లో నాన్న ఉన్నాడు, తాతయ్య ఉన్నాడు. వార్తలు పెద్ద సౌండుతో పెట్టేది సాధారణంగా వాళ్ళే కదా. పిల్లలున్నప్పుడు రిమోట్ నొక్కడం కూడా పెంపకంలో భాగమేనని వాళ్ళకూ చెప్పాలి.

రోజుకొక వరస ఉండడం చాలా అవసరం. ప్రైమరీ బడులు 2021 ఫిబ్రవరిలో తెరిచి ఏప్రిల్‌లో మళ్ళీ మూసేశారు. బడి లేని పిల్లలకు సోమవారానికీ ఆదివారానికీ తేడా లేకపోయింది. గంటకో టైంటేబుల్ గోడకు అంటించక్కర్లేదు. లేచే వేళ, తినే వేళ, పడుకునే వేళ మారకుండా ఉంటే చాలు. సాయంత్రం డాబా మీద అరగంట తొక్కుడుబిళ్ళో, గాలిపటమో. రాత్రి భోజనాల దగ్గర ఫోన్లూ టీవీ ఉండకూడదు, ఆ కాసేపూ పిల్లలు ఏం అడిగినా పెద్దవాళ్ళు సమాధానం చెప్పాలి. మా ఇంట్లో ఇది పెట్టుకున్నాం. మొదటి రెండు రోజులు ఎవరూ ఏమీ అడగలేదు. మూడోరోజు నుంచి అన్నం చల్లారిపోయేదాకా అడుగుతున్నారు.

నేను చెప్పేదంతా గదులూ ఫోన్లూ ఉన్న ఇళ్ళ సంగతే కదా అని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది. మా ఇంట్లో పనిచేసే అమ్మాయికి ఇద్దరు ఆడపిల్లలు. ఒకటే గది, మామూలు ఫోన్. పాఠాలు దూరదర్శన్‌లో వస్తాయని చెప్పారు, కేబుల్ డబ్బులు కట్టలేదు. పెద్దపిల్ల ఆ ఏడాది పదో తరగతి, పరీక్షలు లేకుండానే పాస్. "ఇంట్లో ఖాళీగానే ఉంది కదమ్మా, సంబంధం చూస్తున్నారు" అంది వాళ్ళమ్మ. ఆ పిల్లకున్న ఒత్తిడి జబ్బు భయం కాదు, తన చదువు ఆగిపోతుందన్న భయం. దానికి ధైర్యం చెప్తే సరిపోదు, అడ్డం పడాలి. కాలేజీలో చేరే దాకా మనం తోడుండాలి, ఫీజు సంగతి కనుక్కోవాలి, అవసరమైతే 1098కి ఫోన్ చెయ్యాలి. అది పిల్లల కోసం పెట్టిన నంబరు, రాత్రీపగలూ పనిచేస్తుంది. మన ఇంట్లో పిల్లలకు కూడా రెండు మూడు వారాలైనా తిండి, నిద్ర సర్దుకోకపోయినా, చచ్చిపోతానన్న మాట ఒక్కసారి వచ్చినా దిష్టి తీసి ఊరుకోకండి. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. దిష్టి కూడా తీయండి, నేను వద్దనను.

తల్లిదండ్రులిద్దర్నీ పోగొట్టుకున్న పిల్లలకు మన రాష్ట్ర ప్రభుత్వం పది లక్షలు డిపాజిట్ చేస్తామంది, కేంద్రం కూడా 2021 మే 29న పథకం ప్రకటించింది. డబ్బు తప్పకుండా కావాలి. దాంతోపాటు ఆ పిల్లల్ని "నీకేం జరిగింది?" అని అడిగి వినే మనిషి కూడా కావాలి. అమ్మనో నాన్ననో, అమ్మమ్మనో తాతయ్యనో పోగొట్టుకుని ఏ పథకం లెక్కలోకీ రాని పిల్లలు ఇంకా ఎక్కువమంది ఉంటారు.

అందుకే ఇది చదివేవాళ్ళలో టీచర్లుంటే ఒక విన్నపం. ఎప్పుడైనా ఇలా బడులు మూతపడి మళ్ళీ తెరవొచ్చు. మొదటి రోజు పిల్లలు వచ్చి కూర్చోగానే సిలబస్ ఎంత వెనకబడిందో చెప్పకండి. హాజరు పిలిచాక, పుస్తకాలు తీయమనే ముందు, మీ ఇళ్ళలో అందరూ ఎలా ఉన్నారు అని అడగండి. ఎవరూ మాట్లాడకపోతే మర్నాడు మళ్ళీ అడగండి. చెప్పడం మొదలుపెడితే ఒక పీరియడ్ పోతుంది, పోనివ్వండి. లెక్కల మాస్టారు ఏమైనా అంటే, తల్లులం మేం వచ్చి మాట్లాడతాం.